నలుగురి మధ్య సహజమైన ఫొటో: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ ఉన్నాయి. సంతలోనో, రేవులోనో, జాతరలోనో తమ పనిలో తామున్న మనుషులను పోజు పెట్టించకుండా ఫొటో తీయడం ఎలా, అలా తీయడం ఎంతవరకు సబబు అని పలువురు అడిగారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సెలవు దొరికినప్పుడల్లా కెమెరా తీసుకుని మిర్చి యార్డుకు వెళ్తున్నాను. కెమెరా ఎత్తగానే హమాలీలు చేతిలో పని ఆపి నిటారుగా నిలబడతారు, కుర్రవాళ్లు రెండు వేళ్లు చూపిస్తారు. వారికి తెలియకుండా తీయాలంటే దూరం నుంచి పెద్ద జూమ్ లెన్సుతో తీయడం తప్ప దారి లేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దారి ఉంది, కాని అది మీరు అనుకుంటున్న వైపు లేదు. మీరు ఇంకా దగ్గరికి వెళ్లాలి, వెళ్లి అక్కడ చాలాసేపు ఉండాలి.

200 మి.మీ. లెన్సుతో యాభై అడుగుల దూరం నుంచి తీస్తే మనిషి ముఖం దొరుకుతుంది గాని, అతని చుట్టూ ఉన్న యార్డు దొరకదు. వెనక ఉన్న టిక్కీల (మిర్చి బస్తాల) గుట్ట, కాటా, లారీ ఒకదానికొకటి అతుక్కుపోయి రంగు మరకల్లా మిగిలిపోతాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. దూరాన నిలబడి తమ మీదికి పెద్ద లెన్సు గురిపెట్టిన మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం పుడుతుంది, ఆ అనుమానం యార్డంతా పాకడానికి పది నిమిషాలు పట్టదు. 28 నుంచి 50 మి.మీ. మధ్య లెన్సు పట్టుకుని ఆరేడు అడుగుల దూరంలో నిలబడిన మనిషి ఏం చేస్తున్నాడో అందరికీ కనబడుతూనే ఉంటుంది కాబట్టి, కొంతసేపటికి అతన్ని పట్టించుకోవడం మానేస్తారు.

మొదటి అరగంట కెమెరాను మెడలో వేలాడనివ్వండి, కంటికి ఎత్తవద్దు. టీ కొట్టు దగ్గర కూర్చుని ఈ రోజు రేటు ఎలా పలికిందో, సరుకు ఏ ఊరి నుంచి వచ్చిందో అడగండి. ఎవరో ఒకరు ‘మీరు ఏ పేపరు?’ అని తప్పకుండా అడుగుతారు. పేపరు కాదని, ఇష్టం కొద్దీ తీసుకుంటున్నానని ఉన్న మాట చెప్పండి. ఆ తర్వాత ‘మాదొకటి తీయండి’ అంటారు. చాలామంది ఔత్సాహికులు ఇక్కడే పొరపాటు పడి, పోజు ఫొటో తమకు అక్కర్లేదని తప్పించుకుంటారు. అలా చేయవద్దు. శ్రద్ధగా తీసి, తెర మీద చూపించి, నంబరు అడిగి వాట్సాప్‌లో పంపండి. ఆ ముచ్చట తీరాక వారు మళ్లీ పనిలో పడతారు. బిగబట్టిన ఊపిరి వదులుతారు, ఒకరు తలగుడ్డ సర్దుకుంటారు, మరొకరు పక్కవాడితో ఏదో అని నవ్వుతారు. మీరు వెతుకుతున్న ఫొటో అప్పుడు దొరుకుతుంది కాబట్టి, పోజు ఫొటో అయిపోయిందని కెమెరా దించేయకండి.

ఇక మనుషుల వెంట తిరగడం మానండి. మంచి చోటు ఒకటి ఎంచుకుని, పనే మీ ముందుకు వచ్చేలా నిలబడండి. కాటా దగ్గరో, షెడ్డు గుమ్మం దగ్గరో పక్క నుంచి ఎండ పడే చోటు ఉంటుంది. అక్కడ లేచే దుమ్ము వెలుతురుకు ఎదురుగా తెరలా కనబడుతుంది, టిక్కీ భుజానికెత్తుకున్న మనిషి పదే పదే అదే దారిన వస్తాడు. మొదటిసారి మిమ్మల్ని చూస్తాడు, రెండోసారి ఓరకంట చూస్తాడు, అయిదోసారికి తన బరువు మీదే దృష్టి పెడతాడు. షట్టర్ నొక్కిన తర్వాత కూడా కెమెరాను రెండు క్షణాలు కంటి దగ్గరే ఉంచితే, మీరు తన వెనక దేన్నో తీస్తున్నారని ఎదుటివారు అనుకుని ముందుకు సాగిపోతారు.

మిర్చి యార్డుకు ప్రత్యేకమైన సంగతులు రెండు ఉన్నాయి. మొదటిది, గాఢమైన ఎరుపు డిజిటల్ కెమెరాలను బాగా ఇబ్బంది పెడుతుంది. మొత్తం ఫొటో సరైన వెలుగులో ఉన్నట్టే కనబడినా, ఎరుపు మాత్రం హద్దు దాటి, కాయకూ కాయకూ మధ్య గీతలు మాయమై ఒకే ఎర్ర ముద్దలా తయారవుతుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుగును, ఒక స్టాపులో (వెలుగు కొలతలో ఒక మెట్టు) మూడింట రెండు వంతుల వరకు తగ్గించి తీయండి, వీలైతే సెన్సర్ పట్టిన వివరమంతా దాచే రా ఫార్మాట్‌లో తీయండి. రెండోది, అక్కడ లెన్సు మార్చవద్దు. కారపు ధూళి సెన్సర్ మీద పడితే తుడవడం కష్టం. మీ ముక్కుకు కూడా తడి రుమాలు కట్టుకోండి.

ఓపిక గురించి నాకు బాగా నేర్పిన చోటు విశాఖపట్నం చేపల రేవు. వేకువన వేలం జరిగేటప్పుడు అక్కడ ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు, నేను ఎప్పుడూ ఎవరికో ఒకరికి అడ్డం పడేవాణ్ని. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఒక ఏడు ఆ రోజుల్లో వెళ్లాను. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మనుషులు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మూడు రోజులు వారి పక్కన కూర్చున్నాను, ఫొటోలు తక్కువే తీశాను. వేట మళ్లీ మొదలయ్యాక వెళ్తే, గంపలు మోసుకెళ్లే హడావుడిలో నన్ను పక్కకు జరగమన్నారు తప్ప ఎందుకు తీస్తున్నావని ఎవరూ అడగలేదు.

ప్రశ్న: నా దగ్గర 18–55 మి.మీ. కిట్ లెన్సుతో వచ్చిన మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. కదిలే మనుషులు మసకగా వస్తున్నారు, ఫోకస్ కుదిరేలోగా క్షణం దాటిపోతోంది. కెమెరా మార్చాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మార్చనవసరం లేదు. మీ మసకకు కారణాలు రెండు, ఒకటి షట్టర్ వేగం (వెలుగు సెన్సర్ మీద పడే సమయం), రెండోది ఫోకస్. రెంటినీ విడివిడిగా సరిచేయాలి.

మామూలుగా నడిచే మనిషికి సెకనులో 250వ వంతు చాలు. బస్సు కోసం పరిగెత్తేవారికి, బతుకమ్మ ఆటలో వేగంగా చప్పట్లు కొట్టే చేతులకు 500వ వంతు కావాలి, నీళ్లలో దూకే పిల్లలకు 1000వ వంతు పెట్టండి. వేగాన్ని మీరు నిర్ణయించి, ఐఎస్‌వోను (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయిని) ఆటోలో వదిలేయండి. సాయంత్రం అది 3200కు చేరినా కంగారు పడవద్దు. కాస్త గరుకుగా ఉన్న ఫొటోను నలుగురూ చూస్తారు గాని, చెదిరిన ముఖాన్ని ఎవరూ చూడరు.

ఫోకస్ విషయంలో పాత పత్రికా ఫొటోగ్రాఫర్లు వాడిన పద్ధతి ఇప్పటికీ అన్నిటికన్నా వేగవంతమైనది. లెన్సును 24 మి.మీ. దగ్గర పెట్టి, అపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్ 8కి తెచ్చి, మీకు రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీదో గుమ్మం మీదో ఫోకస్ చేసి, లెన్సు మీద ఉన్న మీటను మాన్యువల్‌కు జరపండి. మీ కెమెరా సెన్సర్‌కు ఈ అమరికలో సుమారు ఒకటిన్నర మీటర్ల నుంచి ఎనిమిది మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇక మీరు చేయవలసింది దూరాన్ని కంటితో కొలవడం, నొక్కడం మాత్రమే. వెలుతురు తగ్గి ఎఫ్ 4కు రావలసి వస్తే ఆ హద్దు సుమారు రెండు నుంచి నాలుగు మీటర్లకు కుదించుకుపోతుందని గుర్తుంచుకోండి. రెండున్నర మీటర్లు ఎంతో ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి రోజూ పది నిమిషాలు అభ్యాసం చేస్తే వారంలో కన్ను కుదురుతుంది. దారిలో జూమ్ తిప్పితే మాత్రం ఈ లెక్క చెడిపోతుంది, కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు.

ప్రశ్న: నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. రాత్రిపూట చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు తీయాలని ఆశ. దుకాణాలు మెరుస్తూ వస్తాయి, మనుషులు దయ్యాల్లా చెదిరిపోతారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నైట్ మోడ్ ఆపేయండి. అది వరుసగా అనేక ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది, కదలని గాజులకు అది మేలు చేస్తుంది గాని గాజులు తొడిగే చేతికి చేయదు. మామూలు మోడ్‌లో, 1ఎక్స్ అని ఉండే ప్రధాన లెన్సుతోనే తీయండి. వేళ్లతో జూమ్ లాగితే నాణ్యత పోతుంది, 0.6ఎక్స్‌లో అంచున ఉన్న ముఖాలు సాగిపోతాయి. దుకాణపు బల్బులు తెల్లగా పేలిపోతుంటే, తెర మీద వేలుపెట్టి నొక్కి ఉంచి వెలుగును లాక్ చేసి, కొంచెం కిందికి జరపండి. తెర మీద మీట కోసం వెతక్కుండా పక్కనున్న వాల్యూమ్ మీటతో నొక్కితే ఫోను కదలదు. లెన్సు తుడవడం మరవకండి, వేలి జిడ్డు వల్ల దీపాలన్నిటికీ పొగ పట్టినట్టు వస్తుంది. ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటో మీద అడ్డ చారలు కనబడితే, మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, అందుకే ప్రో మోడ్‌లో షట్టర్ వేగాన్ని సెకనులో 100వ వంతుకు మార్చి చూడండి.

గాజులు కొనేవారి ముఖాల కంటే చేతులు చెప్పే సంగతులు అక్కడ ఎక్కువ. దుకాణదారును ముందే అడిగి, గల్లా పక్కన ఒక మూల నిలబడటానికి చోటు సంపాదించుకోండి. ఆ తర్వాత వచ్చే కొనుగోలుదారులు మిమ్మల్ని దుకాణపు మనిషిగానే అనుకుంటారు గనుక, ముఖం కనబడేలా తీసినప్పుడు వారికి కూడా విషయం చెప్పడం మీ బాధ్యత.

ప్రశ్న: 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లలో ఫొటోలు తీయాలని ఇప్పటి నుంచే సన్నద్ధమవుతున్నాను. అడగకుండా మనుషులను తీయవచ్చా? స్త్రీల విషయంలో చట్టం ఏమంటోంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బహిరంగ ప్రదేశంలో ఉన్న వ్యక్తిని ఫొటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. అయితే దాని చుట్టూ గట్టి కంచెలు ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఎవరూ చూడరని నమ్మదగిన పరిస్థితిలో ఉన్న స్త్రీని ఆ స్థితిలో చూడటం, ఫొటో తీయడం, ఆ ఫొటోను పంచడం నేరం. మొదటిసారికే ఒకటి నుంచి మూడేళ్ల జైలు ఉంటుంది. ఆడవారైనా మగవారైనా వారి రహస్యాంగాలను అనుమతి లేకుండా తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టంలోని 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. స్త్రీ గౌరవాన్ని భంగపరిచే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడటం న్యాయ సంహిత 79వ సెక్షన్ కిందికి వస్తుంది. వీటన్నిటికీ పైన, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. మనిషి నలుగురిలోకి వచ్చినంత మాత్రాన ఆ హక్కును వదులుకున్నట్టు కాదని ఆ తీర్పులో ఉంది.

చట్టం సంగతి అంతవరకే. ఘాట్ సంగతి నా దృష్టిలో ఇంకా సున్నితమైనది. స్నానం చేస్తున్న స్త్రీలను, తడి బట్టలతో మెట్లెక్కి వస్తున్న వారిని, బట్టలు మార్చుకునే గదుల చుట్టుపక్కలను తీయకండి. మీరు స్త్రీ కావడం వల్ల అక్కడికి మీకు దారి సులువుగా దొరుకుతుంది, అందుకే ఈ మాట మీకు మరీ గట్టిగా చెబుతున్నాను. వారు మిమ్మల్ని చూసి సర్దుకోకపోవడానికి కారణం మీమీద నమ్మకం. పిండప్రదానం చేస్తున్నవారి దగ్గర కూడా కొంచెం ఆగండి. కర్మ ముగిసి, వారు తల ఎత్తి మీవైపు చూసినప్పుడు కెమెరా చూపి కళ్లతో అడగండి. తల ఊపితే తీయండి, ముఖం తిప్పుకుంటే దించండి. వెనక నుంచి, చేతులు, రాగి చెంబు, నీటి మీద తేలే దొప్పలు, దూరాన వంతెన కలిసేలా తీస్తే ఎవరి ముఖమూ అక్కర్లేకుండానే ఆ వేకువ అంతా ఫొటోలోకి వస్తుంది. తల్లిదండ్రులు పక్కన ఉంటేనే పిల్లలను తీయండి, వారి ఫొటోలు ఎక్కడైనా పెట్టేముందు ఫైలులో దాగి ఉండే స్థల వివరాన్ని తీసేయండి.

ఒక జాగ్రత్త మీ ప్రాణం కోసం కూడా. 2015 పుష్కరాల తొలి రోజున మీ ఊరి ఘాట్‌లోనే జరిగిన తొక్కిసలాటను మీరు మరచి ఉండరు. జనం కదిలే దారిలో మెట్ల మీద ఆగి ఫ్రేము చూసుకోవడం మీకే కాదు, మీ వెనక ఉన్న ముసలివారికి కూడా ప్రమాదం. రద్దీకి పక్కన, వీపు గోడకు ఆనించి నిలబడే చోట్లను ఇప్పుడే, ఖాళీగా ఉన్న రోజుల్లో వెళ్లి గుర్తుపెట్టుకోండి. సూర్యుడు ఏ గంటకు ఏ మెట్టు మీద పడుతున్నాడో కూడా అప్పుడే రాసుకోవచ్చు.

ప్రశ్న: చదువు కోసం జర్మనీ వచ్చాను. ఇక్కడి వీధుల్లో ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటే, ఇది నేరమని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బెర్లిన్

జవాబు: వారి భయంలో నిజం ఉంది. గుర్తుపట్టగలిగేలా ఉన్న మనిషి చిత్రాన్ని అతని సమ్మతి ఉంటేనే పంచవచ్చని, ప్రదర్శించవచ్చని 1907 నాటి అక్కడి చట్టం 22వ సెక్షన్ చెబుతుంది, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం కూడా దాని కిందికే వస్తుంది. 23వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. భవనమో వీధో అసలు విషయమై మనిషి అందులో చిన్న భాగంగా ఉన్నప్పుడు, సభలు, ఊరేగింపులు మొత్తంగా తీసినప్పుడు సమ్మతి అక్కర్లేదు. అప్పుడు కూడా ఆ మనిషి న్యాయమైన ప్రయోజనం దెబ్బతినకూడదు. క్యాండిడ్ ఫొటోకు, అంటే పోజు లేకుండా తీసే ఫొటోకు, మొదట పేరు తెచ్చినవారిలో ఒకరైన ఎరిష్ సాలొమోన్ మీ బెర్లిన్‌వాడే. 1928లో టోపీలో కెమెరా దాచి ఒక హత్య కేసు విచారణను తీశాడు. ఆనాటి పద్ధతిని ఈనాడు అనుసరించవద్దు. నీడలు, వెనక్కి తిరిగిన ఆకారాలు, ట్రామ్ అద్దాల మీద ప్రతిబింబాలతో పని మొదలుపెట్టండి. ముఖం నచ్చితే తీసిన వెంటనే వెళ్లి చూపించి, సమ్మతిని ఈమెయిల్ రూపంలోనైనా తీసుకోండి. తెలుగు సంఘం వారి ఉగాది వేడుకలో తీసేటప్పుడు నిర్వాహకులు ముందే ప్రకటన చేసేలా కోరితే మీకూ, వచ్చినవారికీ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: వారపు సంతలో ఒక కూరగాయల ఆమెను తీశాను. ఆమె కోప్పడింది, చుట్టూ జనం చేరారు. నేను తప్పేమీ చేయలేదని వాదించాను, గొడవ పెద్దదైంది. అలాంటప్పుడు ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వాదించకూడదు. మీకు హక్కు ఉందా లేదా అన్నది ఆ క్షణంలో ఆమెకు అవసరం లేని ప్రశ్న. ముందు కెమెరా కిందికి దించి, ‘తప్పయింది అమ్మా, చెరిపేస్తాను’ అనండి. ఆమె చూస్తుండగానే ఫొటో చెరిపేయండి, ఫోనైతే తొలగించిన ఫొటోల ఫోల్డర్‌లోంచి కూడా చెరిపి చూపించండి. వెంటనే పారిపోయినట్టు వెళ్లిపోకండి, దాని వల్ల మరింత అనుమానం వస్తుంది. రెండు నిమిషాలు నిలబడి మాట్లాడి, నెమ్మదిగా కదలండి. ఆమె కోపానికి మీకు తెలియని కారణాలు ఉండవచ్చు. ఎవరో తన ఫొటో తీసి ఎగతాళి మాటలతో పంచి ఉండవచ్చు, తాను కూరగాయలు అమ్ముకుంటున్నట్టు ఊళ్లో తెలియడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు.

మెడలో గుర్తింపు కార్డు వేసుకుంటే, నడుము దగ్గర కెమెరా పెట్టి చూడకుండా నొక్కితే ఈ గొడవ తప్పుతుందా అని కూడా మీరు అడిగారు. ప్రసిద్ధ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మెరవకుండా నల్ల టేపు అంటించుకున్న మాట నిజమే, కాని అతను కెమెరాను కంటికి పెట్టుకునే తీసేవాడు. దాచి తీస్తూ పట్టుబడిన మనిషి చెప్పే ఏ సంజాయిషీనీ సంతలో ఎవరూ నమ్మరు.

తీసినవాటిలో మంచివి రెండు మూడు ఎంచి నాలుగు బై ఆరు సైజులో ప్రింట్లు వేయించి, తర్వాతి వారం అదే సంతకు తీసుకెళ్లండి. ఒక్కో ప్రింటుకు అయ్యే ఖర్చు తక్కువే. నేను ఒక సంతలో అలా ఇచ్చిన ఫొటోను ఉల్లిపాయలు అమ్మే పెద్దాయన తక్కెడ వెనక గోనెకు గుచ్చుకున్నాడు. కొన్ని వారాల తర్వాత వెళ్లేసరికి పక్క దుకాణాల వారు తమ ఫొటోలు ఏవని నన్నే నిలదీశారు. మిమ్మల్ని కోప్పడిన ఆమె దగ్గరికి కెమెరా లేకుండా ఒకసారి వెళ్లి కూరగాయలు కొనండి, ఫొటో మాట ఆమె ఎత్తేవరకు మీరు ఎత్తవద్దు.